ముట్టకుండా కొలవడం: మధ్యలో ఉన్నదాని సంగతి

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణపు అంచున, సంతోష్‌నగర్ దాటితే కాంచన్‌బాగ్ వస్తుంది. రక్షణ రంగ సంస్థలు ఒకదాని పక్కన ఒకటి ఉండే ఆ ప్రాంతంలో మిశ్రధాతు నిగమ్ ఒకటి. జనం నోట్లో అది మిధాని. 1973లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థ టైటానియం, సూపర్ అల్లాయ్‌లు, ప్రత్యేక ఉక్కులు తయారుచేస్తుంది. అలాంటి లోహాలను మళ్లీ కరిగించి శుద్ధిచేసే పద్ధతుల్లో వ్యాక్యూమ్ ఆర్క్ రీమెల్టింగ్ ముఖ్యమైనది. బారెడు లోహపు కడ్డీని, నీళ్లతో చల్లబరిచే రాగి పాత్రలోకి నిలువుగా దింపుతారు. వేల ఆంపియర్ల కరెంటుతో దాని కొనకీ అడుగున ఉన్న ద్రవలోహానికీ మధ్య ఆర్క్ వెలిగిస్తారు. కొన కరిగి బొట్లుబొట్లుగా రాలుతుంటే, కింద కొత్త దిమ్మె అడుగు నుంచి పైకి గట్టిపడుతూ వస్తుంది. కొనకీ ద్రవానికీ మధ్య సందు సూపర్ అల్లాయ్‌ల విషయంలో ఇంచుమించు 1 సెం.మీ. దగ్గర గంటల తరబడి నిలవాలి. ఇరుకైపోతే దిమ్మె నాణ్యత చెడుతుంది. వెడల్పైపోతే ఆర్క్ పక్కకు పాకి రాగి గోడను పట్టుకోవచ్చు. గోడకు చిల్లిపడి నీళ్లు కరిగిన టైటానియం మీద పడ్డాయంటే పేలుడు ప్రమాదమే.

మరి ఆ సెంటీమీటరును కొలిచేదెలా? స్కేలు పెట్టే చోటు కాదు. కెమెరానో లేజరో పెడదామంటే లోపల కడ్డీకీ గోడకీ మధ్య జాగా చాలా తక్కువ, లేచే లోహపు ఆవిరి ఏ అద్దం మీదైనా పొరలా పేరుకుంటుంది. అందుకని ఫర్నేస్‌ను నడిపే కంట్రోలర్ దూరాన్ని చూడనే చూడదు, ఆర్క్ వోల్టేజీని చూస్తుంది. సందు పెరిగితే వోల్టేజీ కాస్త పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. సూపర్ అల్లాయ్‌ల దగ్గర ఈ తేడా మరీ స్వల్పం కాబట్టి ఇంజనీర్లు ఇంకో ఆనవాలు పట్టుకున్నారు. రాలబోయే బొట్టు తెగిపోయేలోపు సెకనులో వెయ్యోవంతుల పాటు కొననీ ద్రవాన్నీ కలిపేస్తుంది, ఆ కాసేపు వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. సందు ఇరుకైతే ఇలా పడిపోవడం ఎక్కువ, వెడల్పైతే తక్కువ. సెకనుకు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి కడ్డీని దించాలో ఎత్తాలో తేలుస్తారు. దూరం కొలుద్దామని బయల్దేరి బొట్లు లెక్కపెట్టడం దగ్గర తేలామన్నమాట. ఆ లెక్కైనా నిలకడగా ఉండదు. లోహంలో వాయువు ఎక్కువున్నా, శూన్యం కాస్త చెడినా, కరెంటు మారినా అదే దూరానికి వేరే సంఖ్య వస్తుంది.

ఇది కొలిమికి మాత్రమే వచ్చిన ఇబ్బంది అనుకోనక్కర్లేదు. పరిశ్రమల్లో ముట్టకుండా దూరం చెప్పే పరికరాలన్నీ చేసేది ఇదే. అవి కాలాన్నో, కోణాన్నో, కాయిల్‌లో కరెంటునో, వోల్టేజీనో కొలుస్తాయి. మధ్యలో ఉన్న గాలి ఇంత వేడిగా ఉంది, ఎదుటి వస్తువు ఫలానా లోహం, దాని ఉపరితలం ఇంత వెలుతురు తిప్పి పంపుతుంది అని ముందే కొన్ని నమ్మకాలు పెట్టుకుని, ఆ కొలతను మిల్లీమీటర్లలోకి మారుస్తాయి. మన షెడ్డులో, మన వాతావరణంలో ఆ నమ్మకాల్లో ఏది నిలుస్తుందో తెలిస్తే సెన్సర్ ఎంపిక సగం అయిపోయినట్టే. తెలియకపోతే ఎంత ఖరీదు పెట్టినా పరికరం నిబ్బరంగా తప్పు చెబుతూనే ఉంటుంది. ఈ వ్యాసం వాదన ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం, దానిమీద రాగల అభ్యంతరాలు.

మొదటి అభ్యంతరం సహజంగా మెషీన్ షాపు నుంచే వస్తుంది: ముట్టని కొలత నమ్మకాల మీద నడిస్తే, ముట్టే కొలత నిజం మీద నడుస్తుంది కదా, వెర్నియర్ కాలిపర్ అబద్ధమాడదు కదా అని. అబద్ధమాడదు నిజమే, కానీ అదీ కొన్ని నమ్ముతుంది. పొడవుల కొలతకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకు సుమారు 11.5 మైక్రోమీటర్ల చొప్పున సాగుతుంది. మే నెలలో కాటేదాన్ పారిశ్రామికవాడలోని రేకుల షెడ్డులో 42 డిగ్రీలున్నప్పుడు మీటరు పొడవు ఉక్కు కడ్డీ పావు మిల్లీమీటరు పెరిగి ఉంటుంది. స్కేలూ ఉక్కుదే, అదీ అంతే వేడెక్కితే తేడాలు చెల్లు. వస్తువు అల్యూమినియమో, అప్పుడే లేత్ మీద నుంచి దిగి ఇంకా కాలుతున్నదో అయితే చెల్లదు. రబ్బరును స్క్రూగేజితో నొక్కి కొలిస్తే నొక్కుడే కొలతను మారుస్తుంది. పైగా ఇప్పుడు మీటరు అంటేనే ముట్టే వస్తువు కాదు. 1889 నుంచి 1960 దాకా ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన కడ్డీ మీద రెండు గీతల మధ్య దూరమే మీటరు. 1983 నుంచి మీటరంటే శూన్యంలో వెలుగు సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరం. కొలతలన్నిటికీ మూలమైన కొలతే కాలాన్ని చూసి దూరం చెబుతోంది. కాబట్టి ముట్టడానికీ ముట్టకపోవడానికీ మధ్య తేడా నిజానికీ నమ్మకానికీ మధ్య ఉన్న తేడా కాదు. ఏ నమ్మకాలు అన్నదే తేడా. చేతికి అందేదాన్ని, ఆగి ఉన్నదాన్ని, ముట్టుకుంటే చెడనిదాన్ని ముట్టి కొలవడమే మేలు. లాడ్ బజార్‌లో వేడి లక్కను చేత్తో చుట్టి గాజు చేసేవారికి లేజర్ అమ్మాలని చూడటం తెలివితక్కువ.

ముట్టకుండా కొలిచేవాటిలో సంఖ్యను బట్టి చూస్తే పెద్ద పీట ఇండక్టివ్ ప్రాక్సిమిటీ స్విచ్‌లదే. వర్క్‌షాపుల్లో వాటిని ఒట్టి 'ప్రాక్సిమిటీ' అంటారు. బొటనవేలంత ఇత్తడి గొట్టం, కొనన ప్లాస్టిక్ మూత, వెనక వైరు. ప్లాస్టిక్ అచ్చు మెషీన్లు మొదలుకొని బిస్కెట్ ప్యాకింగ్ లైన్ల దాకా ఇవి లేని చోటు అరుదు. 1958లో జర్మనీలోని పెపర్ల్ అండ్ ఫుక్స్ సంస్థ తొలి ఇండక్టివ్ స్విచ్ చేసింది. రసాయన పరిశ్రమలో మామూలు మెకానికల్ స్విచ్‌ల కాంటాక్టులు తుప్పుపట్టి, అరిగి మొరాయించడం, నిప్పురవ్వలు పుడితే ప్రమాదం కావడం దానికి కారణాలు. లోపల కాయిల్ ఒక అయస్కాంత క్షేత్రాన్ని వేగంగా మార్చుతూ ఉంటుంది. లోహం దగ్గరకొస్తే దానిలో సుడికరెంట్లు పుట్టి కాయిల్ శక్తిని తినేస్తాయి, కాయిల్ డోలనం తగ్గగానే స్విచ్ పడుతుంది. గాలి, నూనె, నీరు, దుమ్ము దీనికి లెక్కలేదు. అంత గట్టి పరికరం కూడా ఒకటి నమ్ముతుంది: ఎదురుగా ఉన్నది మామూలు ఇనుము అని. డబ్బా మీద 10 మి.మీ. అని రాసి ఉంటే అది ఇనుముకు. అల్యూమినియం అయితే దాదాపు 4 మి.మీ., రాగి అయితే 3 మి.మీ. దగ్గరికి వస్తేగాని కదలిక ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలు ఈ రెంటికీ ఇనుముకీ మధ్యన ఉంటుంది. సెన్సర్ పాడైందని మార్చేసిన చాలా చోట్ల మారింది ఎదుటి లోహమే అయివుంటుంది. ఏ లోహానికైనా ఒకే దూరంలో స్పందించే రకాలూ ఇప్పుడు వచ్చాయి, ధర ఎక్కువ.

అదే సుడికరెంటు సూత్రాన్ని స్విచ్‌గా కాక కొలతగా వాడితే టర్బైన్ దాకా వెళతాం. రామగుండం వంటి థర్మల్ కేంద్రాల్లో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే షాఫ్ట్ బేరింగులో ఎంత ఊగుతోందో నిరంతరం చూడాలి. ముట్టి చూసే పరికరం అక్కడ నిలవదు. షాఫ్ట్‌కి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల దూరంలో బిగించిన ప్రోబు, సందు మారే కొద్దీ వోల్టేజీ మార్చుతుంది. పరిశ్రమలో బాగా వాడుకలో ఉన్న ప్రోబుల లెక్క మిల్లీమీటరుకు 7.87 వోల్టులు, అదీ 4140 అనే రకం ఉక్కు ఎదురుగా ఉన్నప్పుడు. వేరే ఉక్కైతే ఆ సంఖ్య చెల్లదు, కొత్తగా సరిచూసుకోవాలి. ఇంకో చిక్కుంది. షాఫ్ట్ గుండ్రంగా, నున్నగా ఉన్నా దాని ఒంట్లో ఒకచోట గట్టిదనం తేడాగా ఉంటేనో, కాస్త అయస్కాంతత్వం మిగిలిపోతేనో, ప్రతి చుట్టులో ఒకసారి వోల్టేజీ మారుతుంది. తెర మీద అది కంపనంలాగే కనిపిస్తుంది. లేని ఊపును చూసి టర్బైన్ ఆపేయకూడదు గదా, అందుకని మెషీన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే ఈ దొంగ ఊపును కొలిచి పెట్టుకుని తర్వాత తీసివేస్తారు. లోహం అంతటా ఒకేలా ఉందనే నమ్మకాన్ని ఇక్కడ కొలిచి, లెక్కలోకి తీసుకున్నారు.

దూరం ఎంత అని కాక, దగ్గరికొచ్చిందా లేదా అని మాత్రమే అడిగే కొలతల్లో మరీ తీవ్రమైనది క్షిపణుల ప్రాక్సిమిటీ ఫ్యూజు. మిధానికి పొరుగునే ఉన్న భారత్ డైనమిక్స్ తయారుచేసే ఆకాశ్ వంటి క్షిపణి లక్ష్యాన్ని ఢీకొననక్కర్లేదు, దాని పక్క నుంచి పోతూ సరైన క్షణంలో పేలితే చాలు. ఇలాంటి రేడియో ఫ్యూజు యుద్ధంలో తొలిసారి పనిచేసింది 1943 జనవరి 5న, పసిఫిక్‌లో అమెరికా నౌక హెలెనా మీది ఫిరంగుల నుంచి. ఆ తొలి ఫ్యూజు మీటర్లు లెక్కకట్టలేదు. పంపిన రేడియో తరంగం, తిరిగొచ్చిన తరంగం కలిసినప్పుడు పుట్టే సంకేతం ఒక స్థాయి దాటితే పేలమంది, అంతే. ప్రశ్న చిన్నదైతే నమ్మాల్సినవీ తగ్గుతాయి. మన ప్యాకింగ్ లైన్ల మీద డబ్బా వచ్చిందా రాలేదా అని తెలిస్తే చాలిన చోట మిల్లీమీటరులో వెయ్యోవంతు చూపే పరికరం పెట్టడం డబ్బు దండగే కాదు, కొత్త తప్పులకు తలుపు తీయడం కూడా.

కోణాన్ని చూసి దూరం చెప్పే పద్ధతికి హైదరాబాద్‌తో పాత చుట్టరికం ఉంది. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే నిజాం రాజ్యం మీదుగా ఉత్తరానికి పోయింది. 1818లో జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి ఆయనకు సహాయకుడిగా వచ్చి చేరింది హైదరాబాద్‌లోనే. వాళ్ల పద్ధతి స్కూలు లెక్కల్లో ఉన్నదే: ఒక భుజం పొడవు తెలిసి, దాని రెండు కొసల నుంచి దూరంగా ఉన్న గుట్ట మీది గుర్తు ఏ కోణంలో కనిపిస్తోందో తెలిస్తే, ఆ గుట్టకు ఎవరూ గొలుసు లాగకుండానే దూరం తేలుతుంది. కానీ ఆ మొదటి భుజాన్ని మాత్రం ముట్టే కొలవాలి. మద్రాసు దగ్గర దాదాపు 12 కి.మీ. ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిచారు. గొలుసుకు ఎండ తగలకుండా నీడ పట్టి, పక్కనే థర్మామీటర్లు పెట్టి, అది ఎంత సాగిందో లెక్క తీశారు. ఆ తర్వాత గాలితో పేచీ. నేల మీద వేడెక్కిన గాలి చూపును వంచుతుంది, మధ్యాహ్నం గుర్తు నిలకడగా కనిపించదు. ఎవరెస్ట్ రాత్రిపూట దీపాల మీద గురిపెట్టే పద్ధతిని గట్టిగా పట్టుకోవడానికి కారణం అదే.

ఈ కథ చెప్పడం చరిత్ర మీద మమకారంతో కాదు. నేటి లేజర్ ట్రయాంగ్యులేషన్ సెన్సర్ ఆ సర్వేనే అరచేతిలో పట్టేంత డబ్బాలో పెట్టుకుంది. ఒక పక్క లేజర్ వస్తువు మీద చుక్క వేస్తుంది, ఇంకో పక్క లెన్సు వెనకున్న చిప్పు మీద ఆ చుక్క ప్రతిబింబం ఎక్కడ పడిందో చూస్తుంది. వస్తువు దగ్గరైనా దూరమైనా ప్రతిబింబం జరుగుతుంది. లేజరుకీ లెన్సుకీ మధ్య దూరమే ఇక్కడి ఆధార రేఖ. డబ్బా వేడెక్కితే ఆ రేఖ సాగుతుంది, లాంబ్టన్ గొలుసు లాగే. కాబట్టే వేడి ఇనుము పక్కన పెట్టే సెన్సర్లకు చుట్టూ నీళ్లు తిరిగే తొడుగు వేస్తారు. ఎర్రగా కాలిన దిమ్మె మీది గాలి అలలు అలలుగా వెలుగును వంచుతుంది, ఎవరెస్ట్ మధ్యాహ్నాన్ని తప్పించుకున్నాడు గానీ రోలింగ్ మిల్లుకు రాత్రీ పగలూ ఒకటే. పైగా 1200 డిగ్రీల లోహం తానే వెలుగుతుంటుంది. ఎరుపులో, పరారుణంలో ఆ వెలుగు ఎంత ఎక్కువంటే దానిమీద ఎర్ర లేజర్ చుక్క మునిగిపోతుంది. నీలంలో ఆ వెలుగు చాలా తక్కువ. అందుకే వేడి లోహం దగ్గర నీలి లేజరు పెట్టి, నీలం తప్ప మిగతాది రానివ్వని ఫిల్టరు వేస్తారు. గాలి సంగతి మారలేదు, లోహపు వెలుగును మాత్రం దాటేశారు. అద్దంలా మెరిసే లోహం మీద మరో చిక్కు, వెలుగంతా ఒకే వైపు జారిపోయి లెన్సుకు చుక్క కనిపించదు. గాజు, పారదర్శక ప్లాస్టిక్ అయితే చుక్క పైనా పడుతుంది, అడుగునా పడుతుంది, ఏది నిజమో పరికరానికి ఎవరైనా చెప్పాలి.

మూడో దారి కాలం. శబ్దాన్నో, రేడియో తరంగాన్నో, వెలుగునో పంపి అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ఈ దారిలో మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవారికి బాగా పరిచయమైన వస్తువు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే రెండు కళ్ల అల్ట్రాసోనిక్ మాడ్యూల్. తక్కువ ధరకే దొరుకుతుంది, రోబో నుంచి నీళ్ల ట్యాంకు దాకా విద్యార్థుల ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. దాని ప్రోగ్రాములో మైక్రోసెకన్లను 58తో భాగించి సెంటీమీటర్లు రాబట్టే వరుస ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే నకలు తీసుకుంటారు. ఆ 58లో ఒక నమ్మకం దాగి ఉంది: గాలి 20 డిగ్రీల దగ్గర ఉంది, శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతోంది అని. 43 డిగ్రీల మధ్యాహ్నం శబ్దం 357 మీటర్లు పోతుంది, అప్పుడు భాగించాల్సింది 56తో. 4 మీటర్ల దూరంలో ఇది 15 సెంటీమీటర్ల దాకా తేడా. కోడు ఐరోపా వసంతంలో రాసినట్టుంది, మనం మే నెలలో నడుపుతున్నాం.

ఇంతేనా, ఒక థర్మామీటరు కలిపితే సరిపోదా అనవచ్చు. కలుపుతారు, పరిశ్రమల కోసం చేసే అల్ట్రాసోనిక్ సెన్సర్లలో అది ఉండనే ఉంటుంది. కానీ అది ఎక్కడ ఉంటుంది? సెన్సర్ ఒంట్లో. ఒక వంతెన కింద నీటికి 10 మీటర్ల ఎత్తున ఎండలో వేలాడుతున్న సెన్సర్‌ను ఊహించండి. దాని తొడుగు 55 డిగ్రీలకు వేడెక్కింది, కింద నీటిమీది గాలి 38 డిగ్రీలే ఉంది. పరికరం 55 డిగ్రీల వేగంతో లెక్కకట్టి 10 మీటర్లను 10 మీటర్ల 27 సెంటీమీటర్లుగా చెబుతుంది. అంటే నీరు ఉన్నదానికన్నా దాదాపు అడుగు కిందికి ఉన్నట్టు. హైదరాబాద్‌లో అడుగు చిన్న మాట కాదు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద పాతబస్తీని, అఫ్జల్‌గంజ్‌ను ఊడ్చిపెట్టిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వాటి పూర్తి నీటిమట్టాలు 1790 అడుగులు, 1763.5 అడుగులు. వానాకాలంలో గేట్లు ఎత్తాలా వద్దా అన్నది ఆ సంఖ్యలకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నామన్నదాని మీదే. ఎత్తితే పురానాపూల్, చాదర్‌ఘాట్ దిగువన నది ఒడ్డున ఉన్నవాళ్లు సామాన్లు సర్దుకోవాలి. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి ఫలక్‌నుమా, హఫీజ్ బాబానగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు, చెరువు ఎంత నిండిందో అడుగు తేడాతో ముందే తెలియడం ఎంత అవసరమో ఆ వీధులన్నిటికీ అర్థమైంది. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి, వరద రోజున ఎండ ఉండదు, పై లెక్కలోని తప్పు అప్పుడు రాదు. అప్పుడు వేరేవి వస్తాయి. నురగ శబ్దాన్ని మింగేస్తుంది, కొట్టుకొచ్చే చెత్తనే సెన్సర్ నీటిమట్టం అనుకుంటుంది, గాలివాన ప్రతిధ్వనిని చెదరగొడుతుంది.

రాడార్ ఈ ఇబ్బందుల్లో చాలావాటిని ఎగరగొట్టేసిందన్నది రెండో పెద్ద అభ్యంతరం, బలమైనది కూడా. రేడియో తరంగానికి గాలి ఉన్నా లేనట్టే. శూన్యంతో పోలిస్తే గాలిలో అది పదివేలలో మూడు వంతులు మాత్రమే నెమ్మదిస్తుంది. 20 డిగ్రీలైనా 45 డిగ్రీలైనా ఆ కొలతలో కంటికి ఆనే తేడా రాదు. పాత రాడార్లు 6, 26 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి, వాటి పుంజం వెడల్పుగా పరుచుకుని గోడనూ నిచ్చెననూ కూడా చూసేది. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన 80 గిగాహెర్ట్జ్ రాడార్ల పుంజం నాలుగు డిగ్రీలకు లోపే ఇమిడిపోతుంది. నదులకైనా, తాండూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లోని నిలువెత్తు సైలోలకైనా నేను ఎంపిక చేయాల్సివస్తే మొదట చూసేది దీన్నే. అయినా నమ్మకం పోలేదు, జరిగి వేరేచోట కూర్చుంది. గాలిని నమ్మాల్సిన పని తప్పింది గానీ, ఎదుటి పదార్థం రేడియో తరంగాన్ని తిప్పి పంపుతుందని నమ్మాలి. నీరు బ్రహ్మాండంగా పంపుతుంది. పొడి సిమెంటు, బూడిద, ప్లాస్టిక్ గుళికలు చాలా కొద్దిగా పంపుతాయి. పైగా సైలోలో సిమెంటు చదునుగా ఉండదు, పోసేటప్పుడు కుప్పగా, తీసేటప్పుడు గుంటగా ఏటవాలు తిరుగుతుంది. ప్రతిధ్వని పక్కకు పోతుంది. ఒకవేళ తిరిగొచ్చినా అది కుప్ప కొనదా, అంచుదా? దూరం సరిగ్గా వచ్చినంత మాత్రాన సైలోలో ఎన్ని టన్నులున్నాయో సరిగ్గా వచ్చినట్టు కాదు. బాయిలర్ డ్రమ్ములాంటి చోట అధిక పీడనపు ఆవిరి రేడియో తరంగాన్నీ చెప్పుకోదగ్గంత నెమ్మదింపజేస్తుంది; అక్కడ గాలి పాఠం మళ్లీ మొదటికొస్తుంది.

వెలుగుతో కాలం కొలిచే లేజర్ల గురించి క్లుప్తంగా చాలు. వెలుగు ఒక నానోసెకనులో 30 సెం.మీ. పోతుంది కాబట్టి 1 మి.మీ. తేడా పట్టాలంటే సెకనులో లక్షకోట్లవ వంతుల్లో ఆరేడింటిని గుర్తించాలి. దానికి నేరుగా గడియారం కాక, వెలుగును ఒక లయలో మినుకుమనిపించి ఆ లయ ఎంత వెనకబడిందో చూడటం లాంటి ఉపాయాలు వాడతారు. క్రేను స్థానం తెలుసుకోవడానికి, గోడౌన్లో కుప్పల ఆకారం గీయడానికి ఇవి బాగుంటాయి. దుమ్ము లేస్తే దుమ్మునే కొలుస్తాయి.

మూడో అభ్యంతరం డేటాషీటు పట్టుకుని వస్తుంది. కంపెనీ ప్లస్ ఆర్ మైనస్ ఇంత అని రాసిచ్చింది, సర్టిఫికెట్ కూడా ఉంది, ఇంకా నమ్మకాల గొడవ ఎందుకు అని. ఆ అంకె నిజమే. కానీ అది ఎలాంటి చోట నిజమో చిన్న అక్షరాల్లో ఉంటుంది: 20 నుంచి 25 డిగ్రీల గది, తెల్లని సిరామిక్ పలక, కంపనం లేని బల్ల. ఇంకొకటి, చాలా పత్రాల్లో పెద్ద అక్షరాల్లో ఉండేది రిపీటబిలిటీ. అంటే అదే చోట అదే వస్తువును మళ్లీమళ్లీ కొలిస్తే అదే సంఖ్య వస్తుందని హామీ. 55 డిగ్రీల తొడుగుతో వంతెన కింద వేలాడే సెన్సర్ కూడా ప్రతి నిమిషం 10.27 మీటర్లే చెబుతుంది, మిల్లీమీటరు తేడా లేకుండా. ఒకే మాట మీద నిలబడే సాక్షిని చూసి నిజం చెబుతున్నాడని అనుకోవడం ఎంతో, ఇదీ అంతే.

నాలుగోది కాలానికి తగ్గ అభ్యంతరం: నాలుగు సెన్సర్లు పెట్టి సాఫ్ట్‌వేరుతో కలిపితే ఒకదాని తప్పు ఇంకొకటి దిద్దుతుంది కదా అని. దిద్దుతుంది, అవి వేరువేరు సంగతులను నమ్మేవైతే. ఒకే వంతెనకు నాలుగు అల్ట్రాసోనిక్‌లు వేలాడదీస్తే నాలుగూ ఒకే ఎండలో ఒకేలా తప్పుతాయి, సగటు మాత్రం ఎంతో నున్నగా వస్తుంది. రాడార్‌తో పాటు నీటి అడుగున పీడనం చూసే సెన్సర్ పెడితే సంగతి వేరు. ఒకటి పైనుంచి తరంగాన్ని నమ్ముతుంది, ఇంకోటి నీటి బరువును నమ్ముతుంది. ఒండ్రు పేరుకుంటే రెండోది తప్పవచ్చు, మొదటిది తప్పదు. సైలో కింద లోడ్‌సెల్ పెట్టి టన్నులు నేరుగా తూచి, రాడార్ చెప్పే మట్టంతో పోల్చడం కూడా ఇలాంటిదే. ఆర్క్ ఫర్నేసుల్లో కడ్డీ ఎంత కిందికి దిగిందన్నది, లోడ్‌సెల్ మీద ఎంత బరువు తగ్గిందన్నది కలిపి లెక్కకడితే సందు ఎంతుండాలో కాగితం మీద తేలుతుంది. బొట్ల లెక్క దానితో పొసగకపోతే ఎక్కడో ఏదో మారిందని తెలుస్తుంది. గమనించండి, ఈ జతల్లో ఒకటి ముట్టే కొలతే.

చివరిది ఖర్చు. కాటేదాన్‌లోనో, చందూలాల్ బారాదరి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనో పదిమందితో నడిచే యూనిట్‌కు ఇంత విచారణ చేసే తీరికా డబ్బూ ఎక్కడివి అనే ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. అయితే ఈ విచారణలో డబ్బు ఖర్చయ్యేది కొద్దిగానే. అల్యూమినియం ముక్కకు ఇనుము లెక్క వాడకుండా ఉండటానికి రూపాయి కాదు. కోడులో 58 ఉన్నచోట ఉష్ణోగ్రతను చదివే ఒక వరుస రాయడానికి, నీడలో నీటి దగ్గరగా ఒక చవక థర్మామీటరు పెట్టడానికి అయ్యేది వందల్లోనే. ఖర్చంతా తప్పు పరికరాన్ని కొని, అది పనిచేయక ఇంకాస్త ఖరీదైన తప్పు పరికరాన్ని కొనడంలో ఉంది. ప్రభుత్వ కొనుగోళ్లకూ ఇదే వర్తిస్తుంది. నీటిమట్టం సెన్సర్ కోసం టెండరు రాసేవారు రేంజ్, ఖచ్చితత్వం రెండూ అడిగి ఊరుకోకూడదు. ఉష్ణోగ్రతను ఎక్కడ చదువుతారు, ఎండ తగలకుండా ఏం చేస్తారు, నురగా చెత్తా వచ్చినప్పుడు పరికరం ఏ సంఖ్య ఇస్తుంది, లేక తెలియదని చెబుతుందా, ఇవి కాగితం మీద రాయించుకోవాలి. వాటితో పాటు పిల్లర్ మీద రంగులతో అడుగులు గీసిన గేజి పలకను తీసేయకుండా ఉంచి, రోజుకొకసారి ఒక మనిషి దాన్ని చదివి, సెన్సర్ సంఖ్య పక్కన రిజిస్టరులో రాసే ఏర్పాటు ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో, వాన రాత్రుల్లో ఆ రెండు గడుల మధ్య తేడా ఎటు జరుగుతోందో ఏడాది పాటు రాస్తే, ఆ సెన్సర్‌ను ఏ రోజున ఎంతవరకు నమ్మవచ్చో ఆ వంతెన వరకు తేలిపోతుంది.